ఎడమ బూటు

"వాటర్‌ప్రూఫ్ అని రాసుంది, చూడమ్మా," అంటూ మా అమ్మాయి అట్టపెట్టె తెచ్చి నా ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

"రాయడానికేం? నేనూ రాస్తాను మన ఇంటి కప్పు మీద," అన్నాను. లోపల వంటగదిలో కారే చోట పెట్టిన గిన్నెలో చుక్క టప్పున పడింది, నా మాటకు సాక్ష్యం చెప్పినట్టు.

వానలు అప్పుడే మొదలయ్యాయి. దానికి ఉద్యోగం వచ్చి వారమైంది. వాన కొలిచే ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. కొండ మీద ఐదు చోట్ల రేకు డబ్బాలు పాతి ఉంటాయట. రోజూ పొద్దున్నే ఎక్కి, డబ్బాలో పడిన నీళ్లు గీతలున్న గాజుగొట్టంలో పోసి, ఎంతుందో రిజిస్టర్‌లో రాయాలట. దారిలో రెండు వాగులు దాటాలి. నాలుగు నెలల వానాకాలం ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా రాస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

నేను బూటు తీసి అటూ ఇటూ తిప్పాను. చీలమండ దాటి ఎత్తుంది. ముదురాకుపచ్చ రంగు, అడుగున పళ్లు పళ్లుగా రబ్బరు, లోపల దూదిలా మెత్తన. చూడ్డానికి బానే ఉంది. చూడ్డానికి బాగున్నవే నాకు భయం.

"నాన్నా, నువ్వైనా చెప్పు," అంది అది.

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, కంటికి భూతద్దం. తలెత్తకుండానే అన్నాడు: "ఆ మాట మీదే కదా తల్లీ మన ఇల్లు నడుస్తోంది. వాటర్‌ప్రూఫ్ అని లేని వాచీని వాన రాగానే జేబులో దాచుకుంటారు. అది బతికిపోతుంది. ఆ మాట ఉన్న వాచీయే ధైర్యంగా నీళ్లలో దిగి నా బల్ల మీదికొస్తుంది."

"విన్నావా?" అన్నాను.

"ఇద్దరూ ఇద్దరే," అని బూట్లు తీసుకుని లోపలికి పోయింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నాకు కీడెంచేసరికే పొద్దు చాలదు, మేలెంచే తీరిక ఎక్కడిది? కానీ ఈ విషయంలో నా భయం ఉత్తది కాదు. మా అమ్మాయికి ఎనిమిదో ఏటి నుంచీ సుగరు. ఇప్పుడు ఇరవై తొమ్మిది. ఇన్నేళ్లూ రోజూ సూదులే. చిన్నప్పుడు నేను పొడిచాను, తర్వాత అదే పొడుచుకుంది. ప్రతి ఆర్నెల్లకీ ఆస్పత్రిలో ఒకటే మాట: పాదాలు పొడిగా ఉంచుకోవాలి, ఈ జబ్బులో కాలి మీద చిన్న పుండు కూడా చిన్నది కాదు. ఒకసారి వరసలో మా ముందు కూర్చున్నావిడ చీర కుచ్చెళ్ల కింద ఒకే పాదం కనబడింది. "చెప్పు కరిచిందమ్మా, అంతే," అందావిడ, నేను అడక్కుండానే. ఆ మాట నా చెవిలోంచి ఇప్పటికీ పోలేదు.

అలాంటి పిల్ల రోజూ రెండు వాగులు దాటుతానంటే, ఏ తల్లి అట్టపెట్టె మీది రాతను నమ్ముతుంది?

ఆ రాత్రి అది పడుకున్నాక బకెట్‌లో చీలమండ లోతు నీళ్లు పోశాను. రెండు బూట్లలోనూ పాత పేపరు నలిపి కుక్కి, తేలకుండా ఒక్కొక్క దాంట్లో చిన్న రాయి పెట్టి, బకెట్‌లో నిలబెట్టాను. తెల్లారి లేచి చూస్తే పేపరు కరకరలాడుతోంది. ఒక్క అక్షరం అలుక్కోలేదు.

మా అమ్మాయి వెనకాలే వచ్చి నిలబడింది. "ఇంకా అనుమానమా?"

"కుదురుగా నిలబడ్డ బూటు వేరు, నడిచే బూటు వేరు," అన్నాను.

"నడిపించు మరి. బకెట్ చుట్టూ పరిగెత్తించు," అంది. నవ్వింది. నవ్వుతూనే తడి బూట్లు తుడుచుకుని, వాటినే తొడుక్కుని కొండకెళ్లింది.

ఆ రోజు నుంచీ నాకొక పని ఎక్కువైంది. సాయంత్రం నాలుగింటికి అది వచ్చి గుమ్మంలో బూట్లు విప్పగానే, మణికట్టు దాకా చెయ్యి లోపల పెట్టి చూసేదాన్ని. దానికి ఒళ్లు మండేది. "కాళ్లు కడుక్కునే లోపే తనిఖీయా? దొంగ సరుకు తెచ్చానా నేను?" అనేది. ఏమన్నా నేను మానలేదు.

నేను చదివింది ఏడో తరగతే. కానీ ఇరవై ఏళ్లుగా నలుగురి బట్టలూ ఇస్త్రీ చేస్తున్న చెయ్యి ఇది. మడత ముట్టుకుంటే ఎంత తడుందో చెప్తుంది. చెమట తడి వేరు, నీటి తడి వేరు. చెమట తడి గోరువెచ్చగా, కాస్త జిగటగా, అంతటా పల్చగా ఉంటుంది. నీటి తడి అలా కాదు. ఒకచోట మొదలవుతుంది, దానికి అంచు ఉంటుంది. మొదటి నెలంతా నా చేతికి తగిలింది చెమటే. బయటి నీళ్లు రానివ్వని బూటు లోపలి చెమటనూ పోనివ్వదు కదా. చెమటైతే మాత్రం తడి తడి కాదూ? అందుకని అది స్నానానికి వెళ్లగానే ఇస్త్రీ పెట్టె బూటు నోటి దగ్గర పట్టుకుని వేడి లోపలికి కొట్టేదాన్ని. వాన మరీ ముసురు పట్టిన రోజుల్లో పెట్టెనే బూటుకి ఆనించి వదిలేదాన్ని. తెల్లారేసరికి పొడి పొడి. దానికి చెప్పలేదు. చెబితే, "నా బూట్లు కూడా ఇస్త్రీ చేస్తావా" అని ఇల్లెగిరిపోయేలా నవ్వేది.

రెండో నెల సగంలో ఒక సాయంత్రం ఎడమ బూటులో చెయ్యి పెట్టి ఆగిపోయాను. చిటికెన వేలు ఉండే చోట చల్లగా ఉంది. అంచు ఉంది.

"తడిసింది," అన్నాను.

"తడవలేదమ్మా."

"నీళ్లే ఇవి."

"చెమటయ్యుంటుంది. నాకు తెలీదా? నా కాళ్లకి పొడిగానే ఉంది రోజంతా."

నేను దాని మొహంలోకి చూశాను. చిన్నప్పుడు పెన్సిల్ డబ్బాలో చాక్లెట్లు దాచుకుని తినలేదని ఒట్లేసిన పిల్ల అది. అబద్ధమాడేటప్పుడు కింది పెదవి లోపలికి లాక్కుంటుంది. ఆ అలవాటు ఎవరి పోలికో తెలీదంటాడు మా ఆయన, నా వంక చూసి నవ్వుతూ. ఆ రోజు లాక్కుందో లేదో చూసేలోపే తువ్వాలు తీసుకుని వెళ్లిపోయింది.

అనుమానం పెనుభూతం అంటారు. నా భూతానికి ఆ రాత్రి కాళ్లొచ్చాయి, చేతులొచ్చాయి. రాళ్ల మీంచి దాటక వాగులో దిగి నడుస్తోందా? దగ్గర దారని చెప్పి ఎవరైనా దీన్ని లోతులోంచి తీసుకెళ్తున్నారా? అసలు ఇది కొండకే పోతోందా? బూటు తడిసిందని ఒప్పుకుంటే ఉద్యోగం మానమంటానని కదా దీని భయం. తడిసిన కాళ్లతోనే నడుస్తోంది. నడుస్తూ నాతో అబద్ధమాడుతోంది.

మర్నాడు పొద్దున ఒక పని చేశాను. తెల్లకాగితం ముక్క మీద ఇంకు పెన్నుతో వరసగా చుక్కలు పెట్టి, మడిచి, ఎడమ బూటులో పాదం ఆనే అట్ట కింద దాచాను. సాయంత్రం తీస్తే చుక్కలు లేవు. కాగితమంతా ఒకటే నీలం.

మా ఆయన ముందరే దాని ఒళ్లో పడేశాను. "ఇదిగో నీ చెమట."

అది కాగితం చూసి తెల్లబోయింది. తర్వాత కోపమొచ్చింది. "నా బూటులో కాగితాలు పెట్టి నన్ను పట్టుకుంటావా? నేను ఎనిమిదేళ్ల పిల్లనా?"

"వాగులో దిగుతున్నావా లేదా?"

"ఎవరైనా దిగాల్సిందే. రాళ్లు మునిగిపోయాయి. చీలమండ లోతేగా."

"నీళ్లు లోపలికొస్తుంటే నాకెందుకు చెప్పలేదు?"

"నాకు తెలీలేదు!"

"తెలీకపోవడమేంటే! ఆ పాదం నీదా, పక్కింటివాళ్లదా?"

మా ఆయన భూతద్దం తీసి, "చాల్లే," అన్నాడు నాతో. నేను చాలించలేదు. ఉద్యోగం మానెయ్యమన్నాను. ఇంకా రెండున్నర నెలలుందని, ఇన్నాళ్లలో ఒక్క గడి ఖాళీ వదల్లేదని, ఇప్పుడు మానితే జీవితాంతం నా ఇస్త్రీ బల్ల పక్కనే కూర్చోవాలని అది ఏడ్చింది. అన్నం తినే ముందు వేసుకునే సూది కోపంగా వేసుకుని, కోపంగానే తిని పడుకుంది.

దాన్ని ఆపలేకపోయాను. బూట్ల కొట్టువాడినైనా దులుపుదామని ఆదివారం నాడు, అది సంతకెళ్లినప్పుడు, ఎడమ బూటు సంచిలో వేసుకుని బయల్దేరాను. ఆదివారం డబ్బాల దగ్గరికి ఆఫీసు మనిషే వెళ్తాడు.

కొట్టాయన పెద్దమనిషి. నేను అరిచినంతసేపూ అరవనిచ్చాడు. మోసం, నలుగురికీ చెప్తాను, ఆడపిల్ల పాదాలతో ఆటలా, అన్నీ అన్నాను. నేను ఆగాక బూటు తీసుకుని, అంచు దగ్గర బొటనవేలితో నొక్కాడు. అడుగు రబ్బరు చిన్న నోరులా తెరుచుకుంది.

"అమ్మా, వీటిని పొయ్యి దగ్గరగానీ హీటరు దగ్గరగానీ ఎండబెట్టారా?"

"లేదు," అన్నాను.

"జిగురు ఉడికింది. చూడండి, బుడగలొచ్చాయి. లోపలి అతుకు కూడా ముడుచుకుపోయింది. నీళ్ల వల్ల ఇలా అవదు. వేడి వల్లే అవుతుంది."

"మా ఇంట్లో ఎవరూ అలాంటి పని చెయ్యరు," అన్నాను. ఆయన నా మొహంకేసి ఒక్క క్షణం చూశాడు. బూటు అట్లాగే పేపర్లో చుట్టి ఇచ్చాడు. కొత్త జత తెప్పించాలంటే పది రోజులు పడుతుందన్నాడు, ధర తగ్గిస్తానన్నాడు. నేను బూటు సంచిలో వేసుకుని వచ్చేశాను. దారంతా నాతో నేనే వాదించుకున్నాను: బకెట్‌లో పెట్టినప్పుడే సన్నగా లోపం ఉండి ఉంటుంది, నాసిరకం జిగురై ఉంటుంది, ఇస్త్రీ వేడి ఎంతని.

మంగళవారం వాన దంచికొట్టింది. నాలుగింటికి రావాల్సింది ఐదున్నరకి వచ్చింది. గుమ్మంలో కూర్చుని తాళ్లు విప్పి, "రెండో వాగు పొంగిందమ్మా, కానీ అయిదూ కొలిచాను," అని సంబరంగా చెప్తోంది. నేను ఎడమ బూటు లాక్కుని తలకిందులు చేశాను. గ్లాసెడు నీళ్లు మెట్టు మీద పడ్డాయి. నీళ్లతోపాటు ఒక రాయి కూడా పడి దొర్లింది. గులకరాయి కాదు. చింతగింజంత కంకర ముక్క, ఒకవైపు మొన తేలినది.

అందరం ఆ రాయినే చూశాం.

"ఇదెప్పుడు పడింది?" అన్నాను.

"ఏది?" అంది మా అమ్మాయి.

మేజోడు తీశాను. చిటికెన వేలి కింద పాదం నానిన అట్టలా తెల్లగా ఉబ్బి, నడిమధ్యన రాయి తొలిచిన చోట ఎర్రగా ఉంది. మేజోడుకి నెత్తురు అంటుకుని, నీళ్లకు పల్చబడి గులాబీరంగు తేలింది.

"నొప్పి పుట్టలేదే?"

అది తన పాదాన్ని ఎవరిదో చూసినట్టు చూసింది. "లేదమ్మా," అంది. ఈసారి పెదవి జాగ్రత్తగా చూశాను. అది కదల్లేదు.

ఆ సాయంత్రమే ఆస్పత్రిలో డాక్టరమ్మ పుండు కడిగి కట్టు కట్టింది. తర్వాత దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకోమంది. చేతిలో సన్నటి నైలాను దారం, చిన్న పుల్లకి కట్టింది. "ఇది పాదానికి తగిలినప్పుడల్లా 'ఊ' అను. అంతే," అంది.

కుడి పాదం మీద పది చోట్ల తాకించింది. ఆరుసార్లు "ఊ" అంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. తర్వాత డాక్టరమ్మ ఎడమ పాదం వైపు తిరిగింది. బొటనవేలికి తాకించింది. దారం వంగింది. నడిమి వేలికి తాకించింది. చిటికెన వేలికి. మడమ దగ్గర. పాదం మధ్యలో రెండుసార్లు. ప్రతిసారీ దారం వంగి, లేచింది.

"మొదలుపెట్టండి, డాక్టరుగారూ," అంది మా అమ్మాయి, కళ్లు మూసుకునే.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

కొండచరియలు ఊహించాను, పాములు ఊహించాను, చెడు స్నేహాలు, చెడు బూట్లు ఊహించాను. కొట్టువాడు మోసగాడన్నాను, నా బిడ్డ అబద్ధాలకోరు అన్నాను. లోకంలోని కీడంతా ఎంచిన నేను ఇదొక్కటీ ఎంచలేకపోయాను. అది నాకు చెప్పినదంతా నిజమే. నిజంగానే దాని పాదానికి పొడిగానే ఉంది.

పుండు మానడానికి పంతొమ్మిది రోజులు పడుతుందని ఆ రోజు మాకు తెలీదు. డాక్టరమ్మ కాలు కింద పెట్టొద్దంది. మా అమ్మాయి పడుకుని గోడవైపు తిరిగి, "రేపటి గడి," అని మాత్రం అంది. మా ఆయన ఆఫీసరుకి ఫోన్ చేశాడు. ఆయన మంచివాడో, మనుషుల కొరతో, "ఎవరో ఒకరు వెళ్లి కొలిచి ఫోన్లో చెప్పండి, ఆ అమ్మాయి రాసుకుంటుంది. గడి ఖాళీ ఉండకూడదు, అంతే," అన్నాడు.

మా ఆయన మోకాళ్లు మా మెట్లే ఎక్కలేవు.

ఆ రాత్రి మంచం పక్కన స్టూలు మీద గాజుగొట్టం పెట్టి మా అమ్మాయి నాకు నేర్పింది. "నీళ్ల పైభాగం చదునుగా ఉండదమ్మా, వంగి ఉంటుంది. ఆ వంపు అడుగు ఏ గీత మీదుందో అది చెప్పాలి. కళ్లు దానికి సమానంగా పెట్టి చూడాలి, పైనుంచి కాదు." ఏడో తరగతి దాకే వెళ్లిన నన్ను నాలుగుసార్లు తప్పు చెప్పించి, అయిదోసారి ఒప్పు చెప్పించింది.

ఆదివారాలు పోను ఆ పంతొమ్మిది రోజుల గళ్లూ నావే. ఒక్కటీ ఖాళీ లేదు. వానాకాలం ఆఖర్న ఉద్యోగం ఖాయమైంది కూడా. ఇప్పుడు మా అమ్మాయికి కొత్త బూట్లు; వాటిని పై డబ్బా దగ్గరొకసారి, కింది డబ్బా దగ్గరొకసారి విప్పి, చేత్తో తడిమి చూసుకుని, పాదాన్ని చిన్న అద్దంలో చూసుకుని దిగుతుంది. కానీ ఆ కాలంలో నాకు బాగా గుర్తున్నది నా మొదటి రోజు.

"నా పాత చెప్పులేసుకు వెళ్లు, లేకపోతే ఆగు, కొత్తవి కొందాం," అన్నాడు మా ఆయన. నేను వినలేదు. నాదీ మా అమ్మాయిదీ పాదం ఒకటే సైజు. ఆ బూట్లే తొడుక్కున్నాను. ఎందుకు తొడుక్కున్నావంటే ఏం చెప్పను. కొట్టాయన మాట మీద నాకింకా అనుమానమే ఉంది.

మొదటి వాగు దగ్గర రాళ్లు మునిగే ఉన్నాయి. కుడికాలు పెట్టాను. ఏమీ లేదు. నీళ్లు బూటు చుట్టూ తిరిగి వెళ్లిపోయాయి, నిజంగానే. వాటర్‌ప్రూఫ్. ఎడమకాలు పెట్టాను. మొదటి అడుగుకి ఏమీ లేదు. రెండో అడుగుకి చిటికెన వేలి దగ్గర సూది గుచ్చినట్టయింది. అక్కణ్నించి వేళ్ల సందుల్లోకి, పాదం కిందికి, మడమదాకా పాకింది. నేను వాగు మధ్యలో నిలబడిపోయాను. ఇంత చల్లగా ఉంటుందా అనుకున్నాను. ఇంత చలి ఇన్నాళ్లూ దాని పాదం పక్కనే ఉండి, దాన్ని పలకరించలేదు.

తర్వాత కదిలి, అయిదు డబ్బాలూ కొలిచాను.

ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతుంటే, మా అమ్మాయి వాళ్ల నాన్న భుజం పట్టుకుని ఒంటికాలి మీద వచ్చి నా పక్కన కూర్చుంది. నేను కొండ మీంచి ఫోన్లో చెప్పిన అంకెలన్నీ ముందే రాసేసుకుంది. ఎడమ బూటు తీసుకుని మణికట్టు దాకా చెయ్యి లోపల పెట్టింది. వెతికింది. ఆగింది.

"ఇక్కడా?"

"అక్కడే."

"తడిసింది," అంది.

నేను రబ్బరు అంచున ఉన్న బుడగల వంక చూస్తూ అన్నాను: "జిగురు నేనే ఉడకబెట్టానే. ఇస్త్రీ పెట్టెతో. రోజూ."

"తెలుసు."

"తెలుసా?"

"తొడుక్కునేటప్పుడు కాలిన రబ్బరు వాసన వచ్చేది."

"మరి నోరు విప్పలేదేం?"

"విప్పితే ఆరబెట్టడం మానేస్తావు. ఉద్యోగం మానిపించే పనిలో పడతావు." బూటు మెట్టు మీద పెట్టింది. "ఏదో ఒక పని లేకపోతే నువ్వు ఊరుకోవు కదా."

వెనకాల మా ఆయన ఏదో వాచీకి కీ ఇస్తున్నాడు, కిర్రు కిర్రుమని. వాన సన్నబడింది. తడిసి ముడతలు పడ్డ నా పాదాన్నీ, కట్టు కట్టిన తన పాదాన్నీ అది పక్కపక్కన పెట్టి చూసింది.

"అమ్మా, వాగు చల్లగా ఉందా?" అంది.

"అంత చల్లగా ఏం లేదే," అన్నాను.

అది నా మొహంలోకి చూసింది.

"పెదవి," అంది.